నాలుగు పుస్తకాలూ, ఒక ప్రశ్నా

ఒకేసారి నాలుగైదు పుస్తకాలు చదివే మనిషి మీద మన పెద్దలకు సదభిప్రాయం లేదు. "అన్నిట్లోనూ వేలు పెడతాడు, ఏదీ పూర్తి చెయ్యడు" అంటారు. పుస్తకం పట్టుకుంటే అట్ట నుంచి అట్ట దాకా చదవాలనీ, అది ముగిసిన తరవాతే రెండోది ముట్టుకోవాలనీ మనకు చిన్నప్పటినుంచీ నూరిపోశారు. దీనికి ఏకాగ్రత అని పేరు. రెండు పడవల మీద కాళ్లు పెట్టరాదన్న సామెతను కూడా సాయం తెచ్చుకుంటారు. ఈ అభిప్రాయాన్ని నేను అంగీకరించలేను. సమాజాన్ని అర్థం చేసుకోవాలనుకునే పాఠకుడికి, అందులోనూ అభ్యుదయ సాహిత్యంతో సంబంధం పెట్టుకున్న పాఠకుడికి, ఇది మేలు చెయ్యకపోగా కీడు చేస్తుందని నా నమ్మకం.

అయితే ముందుగా ఒక సంగతి స్పష్టం చేసుకోవాలి. ఒకేసారి అనేక పుస్తకాలు చదవడమన్నది ఒక అలవాటు కాదు. ఒకే పేరుతో చలామణి అవుతున్న మూడు అలవాట్లు.

మొదటిది విసుగులోంచి పుట్టేది. పది పేజీలు కాగానే పుస్తకం బరువనిపిస్తుంది, ఇంకొకటి తీస్తాడు. అదీ బరువనిపిస్తుంది, మూడోది తీస్తాడు. సంతకు వెళ్లి, ఏం కొనాలో తెలియక, ప్రతి దుకాణం ముందూ కాసేపు నిలబడి ఖాళీ సంచీతో తిరిగొచ్చేవాడి పద్ధతి ఇది. చేతిలోని ఫోను ఈనాడు దీన్ని మరీ సులభం చేసింది. ఒక కవిత చివరి పాదం, ఒక వ్యాసం మొదటి పేరా, ఒక యుద్ధవార్త, ఒక సినిమా పాట, అన్నీ ఒకే వేలి కింద జారిపోతాయి. దీన్ని పఠనమని నేననను. పెద్దల మందలింపు దీనికి అక్షరాలా వర్తిస్తుంది.

రెండోది గదులు కట్టుకున్న చదువు. పగలు కళాశాలలో చెప్పడానికి కావ్యాలు. సాయంత్రం అధ్యయన తరగతి కోసం రాజకీయార్థశాస్త్రం. రాత్రి నిద్ర పట్టడానికి ఒక నవల. మూడు రకాల పుస్తకాలూ ఒకే ఇంట్లో ఉంటాయి, ఒకే మనిషి చదువుతాడు, కాని ఒక గదిలో మాట ఇంకో గదిలోకి వినపడదు. కుటుంబవ్యవస్థ పుట్టుక గురించి ఎంగెల్స్ ఏమన్నాడో సాయంత్రం అనర్గళంగా వివరించిన అధ్యాపకుడు, మర్నాడు తరగతిలో 'కన్యాశుల్కం' పాఠం చెప్పేటప్పుడు గిరీశం హాస్యం దగ్గరే ఆగిపోతాడు. ఇట్లాంటివారిని నేను చాలామందిని ఎరుగుదును. వారు తక్కువ చదివినవారు కారు. చదివినవాటిని ఒకదానికొకటి పరిచయం చెయ్యనివారు. మనలో అన్నిటికంటె ఎక్కువగా ఉన్నది ఈ అలవాటే. మొదటిదానికంటె ప్రమాదకరమైనదీ ఇదే. ఎందుకంటే దీనికి పాండిత్యమనే గౌరవం దొరుకుతుంది.

మూడోది, నేను సమర్థించదలచుకున్నది, ఒక ప్రశ్నను మధ్యలో పెట్టుకుని చదివే చదువు. ప్రశ్న ఒకటి, దానికి సాక్ష్యం చెప్పే పుస్తకాలు పలు రకాలు. నవల ఒక సాక్షి, చరిత్ర ఒక సాక్షి, ప్రభుత్వం వేయించిన లెక్క ఒక సాక్షి, అనుభవించినవారి మాట ఒక సాక్షి. రచ్చబండ దగ్గర తగువు తీర్చే పెద్ద ఒక పక్షం మాట విని, ఆ మనిషిని ఇంటికి పంపేసి, ఏడాది గడిచాక రెండో పక్షాన్ని పిలిపిస్తే ఆ తీర్పు ఎట్లా ఉంటుంది? ఇద్దరూ ఎదురెదురుగా నిలబడాలి. ఒకరి మాట మీద రెండోవారు అక్కడికక్కడే అడ్డుప్రశ్న వెయ్యాలి. ఏకకాలంలో చదవడానికి ఇంతకు మించిన కారణం నాకు కనిపించదు.

దీనికి ఉదాహరణ కోసం దూరం పోనక్కరలేదు. 'కన్యాశుల్కం' తొలి కూర్పు 1897లో వచ్చింది. దానికి గురజాడ ఇంగ్లీషులో ఒక పీఠిక రాశారు. నాటకాన్ని లెక్కలేనన్నిసార్లు చదివినవారిలో కూడా ఆ పీఠికను చదివినవారు కొద్దిమందే. విజయనగరం ప్రభువు ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాలలో జరిగిన శుల్కవివాహాలకు ఒక జాబితా తయారు చేయించారు. గురజాడ ఆ జాబితాలోని అంకెలు పీఠికలో ఇచ్చారు. నమోదైన వివాహాలు 1,034. సగటున ఏడాదికి 344. అయిదేళ్ల వయసులో పెళ్లయిన పిల్లలు 99 మంది, నాలుగేళ్లవారు 44, మూడేళ్లవారు 36, రెండేళ్లవారు 6, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందులకు పలికిన ధర తలకు 350 నుంచి 400 రూపాయలు. ఈ జాబితా సమగ్రం కాదని కూడా ఆయనే చెప్పారు. పిల్లను అమ్ముకున్నామని ఎవరు ఒప్పుకుంటారు?

ఇప్పుడీ జాబితాను ఒక చేత్తోనూ నాటకాన్ని ఒక చేత్తోనూ పట్టుకుని చదవండి. అగ్నిహోత్రావధానులు సుబ్బిని లుబ్ధావధానులకు కట్టబెట్టడానికి చేసే ప్రయత్నం చూసి రంగశాలలో మనం నవ్వుతాం. జాబితా పక్కనుంటే ఆ నవ్వు సగంలో ఆగుతుంది. సుబ్బి రచయిత కల్పించిన ఒక విడ్డూరపు పిల్ల కాదు. వెయ్యి పైచిలుకు పేర్లలో ఒక పేరు. ఇది నాటకాన్ని జాబితా ప్రశ్నించడం. అయితే నాటకం కూడా జాబితాను ప్రశ్నిస్తుంది. ఆ 1,034 ఇళ్లల్లో తల్లులు ఏమన్నారు? జాబితా చెప్పదు. నాటకంలో వెంకమ్మ ఆ సంబంధం వినలేక నూతిలో దూకుతుంది. మొదటి కూతురు బుచ్చమ్మ వైధవ్యాన్ని కళ్లెదుట పెట్టుకుని కూడా రెండో కూతుర్ని అమ్మబోయే తండ్రి మనసు ఎట్లాంటిది? ఈ ప్రశ్నకు ఏ అంకే జవాబివ్వదు. గురజాడ ఈ నాటకాన్ని చాలా పెంచి, తిరగరాసి 1909లో మళ్లీ అచ్చువేశారు. అంకెలు పాతవే. మనుషులు మాత్రం మొదటి కూర్పులో కంటె ఎంతో లోతు సంతరించుకున్నారు. లెక్కల పత్రం చదివినందువల్ల ఆయన కళ చెడిపోలేదని చెప్పడానికి ఇంతకంటె రుజువేం కావాలి?

ఈ సందర్భంలో ఒక ఆక్షేపణ వినిపిస్తుంది. నవలను జనాభా లెక్కలతో పాటు చదివితే అది కళగా నశించి, సమాచారంగా మిగులుతుంది కదా అని. నా అనుభవం దీనికి విరుద్ధం. రచయిత దేన్ని తీసుకున్నాడు, దేన్ని వదిలేశాడు, చిన్నదాన్ని ఎంత పెద్దది చేశాడు అన్నది, ముడిసరుకు మన కళ్ల ముందుంటేనే తెలుస్తుంది. మగ్గం మీది నూలును చూడనివాడు చీరను మెచ్చుకోవచ్చు; నేతను మెచ్చుకోలేడు.

మన విమర్శకులు తరచుగా ఉదహరించే ఎంగెల్స్ అభిప్రాయం ఒకటుంది. 1888 ఏప్రిల్‌లో మార్గరెట్ హార్క్‌నెస్ అనే రచయిత్రికి రాసిన ఉత్తరంలో, ఆ కాలపు చరిత్రకారులూ ఆర్థికవేత్తలూ గణాంకవేత్తలూ అందరూ కలిసి నేర్పినదానికంటె ఎక్కువ తాను బాల్జాక్ నుంచి నేర్చుకున్నానని ఆయన అన్నాడు. ఈ మాటను పట్టుకుని, నవల చాలు, మిగతావి అక్కరలేదు అన్నట్టు మనవాళ్లు వాదిస్తారు. ఆ మాట అన్న మనిషి ఎవరో మరచిపోతారు. ఆ చరిత్రకారుల్నీ ఆర్థికవేత్తల్నీ గణాంకవేత్తల్నీ చదివినవాడు గనకనే ఎంగెల్స్ ఆ మాట అనగలిగాడు. 1845లోనే ఇంగ్లండు కార్మికుల స్థితిగతుల మీద, ప్రభుత్వ నివేదికల్నీ పత్రికల్నీ స్వయంగా చూసిన వీధుల్నీ ఆధారం చేసుకుని పుస్తకం రాసినవాడాయన. రెండు పళ్లేలూ చేత్తో పట్టుకున్నవాడే ఏది బరువో చెప్పగలడు. ఒక్క పళ్లెమే చూసినవాడు అదే మాట అంటే అది తూకం కాదు, చిలకపలుకు. మార్క్స్ సంగతీ అంతే. 1867 నాటి 'పెట్టుబడి' మొదటి సంపుటంలో పనిదినం గురించిన అధ్యాయం ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ల నివేదికలతో నిండి ఉంటుంది. అదే సంపుటంలో డబ్బు స్వభావం చెప్పవలసి వచ్చినప్పుడు షేక్స్పియర్ సాక్షిగా వస్తాడు. ఆయన ఈ రెంటినీ వేరువేరు గదుల్లో పెట్టుకోలేదు.

ఇంతదాకా చెప్పినది ఒప్పుకున్నవారు కూడా, "సరే, పలు రకాల పుస్తకాలు చదవాలి, కాని ఒకదాని తరవాత ఒకటి చదవచ్చు కదా, అన్నీ ఒకేసారి ఎందుకు?" అని అడగవచ్చు. ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు మనకు చాలా దగ్గర విషయంలోంచి, తెలంగాణా రైతాంగ పోరాటం మీద వచ్చిన పుస్తకాల్లోంచి, ఇవ్వడానికి ప్రయత్నిస్తాను.

వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' 1955లో వచ్చింది. సాయుధ పోరాటానికి ముందు కాలపు తెలంగాణా పల్లె, దొర, గుడి, గడీ, వాటి మధ్య మెల్లిగా కళ్లు తెరుస్తున్న జనం అందులో ఉన్నారు. పుచ్చలపల్లి సుందరయ్య గారి తెలంగాణా పోరాట చరిత్ర 1972లో ఇంగ్లీషులో వచ్చి, తరవాత తెలుగైంది. స్త్రీశక్తి సంఘటన వారు పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్ని సేకరించి ప్రచురించిన 'మనకు తెలియని మన చరిత్ర' 1986లో వచ్చింది. ఒకటి నవల, ఒకటి ఉద్యమ నాయకుడు రాసిన చరిత్ర, ఒకటి నోటిమాటల సంపుటి. మూడూ పెద్ద పుస్తకాలే. మూడూ నిజాయితీ గలవే.

వీటిని విడివిడిగా, ఏడాదికొకటి చొప్పున చదివితే ఏమవుతుంది? ప్రతి గొప్ప పుస్తకమూ చదువుతున్నంతసేపూ అదే లోకమనిపిస్తుంది. దాని భాష మన నోటికి వస్తుంది. అది అడగని ప్రశ్న మనకూ తోచదు. ఆ తరవాత ఇంకోటి చదివితే మొదటిది అప్పటికే జ్ఞాపకంగా మారి, నోరులేనిదై ఉంటుంది. చివర చదివిన పుస్తకమే గెలుస్తుంది. ఇది విచారణ కాదు, వంతు.

పక్కపక్కన పెట్టి చదివితే జరిగేది వేరు. వెట్టి అనే ఒక్క మాటనే తీసుకోండి. సుందరయ్య గారి పుస్తకంలో వెట్టి ఒక వ్యవస్థ. దళితులు ఏం చెయ్యాలి, చాకలి ఏం చెయ్యాలి, కుమ్మరి ఏమివ్వాలి, గొల్లలు ఏమివ్వాలి అని కులం వారీగా దోపిడీ యంత్రాంగమంతా విప్పి చూపిస్తారు. ఇంత స్పష్టత నవలలో ఉండదు, ఉండనక్కరలేదు. నవలలో వెట్టి ఒక మనిషి బతుకులో భయంగా, అలవాటుగా, ఒక్కొక్కచోట తన మీద తనకే రోతగా కనిపిస్తుంది. స్త్రీల మాటల్లోకి వచ్చేసరికి వెట్టి శరీరానికి సంబంధించిన సంగతి అవుతుంది. మాట ఒకటే. మొదటి పుస్తకం దాని నిర్మాణం చెప్పింది, రెండోది దాని అలవాటు చెప్పింది, మూడోది దాని గాయం చెప్పింది. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా మనకు వెట్టి తెలిసినట్టు కాదు.

ఇంకా ముఖ్యమైన విషయమొకటి ఉంది. 1948 సెప్టెంబరులో భారత సైన్యాలు హైదరాబాదు ప్రవేశించిన తరవాత కూడా సాయుధ పోరాటాన్ని కొనసాగించడం ఉచితమా కాదా అన్న విషయంలో, అదే పోరాటంలో అగ్రభాగాన నిలిచిన సుందరయ్య గారూ రావి నారాయణరెడ్డి గారూ పరస్పర విరుద్ధమైన అభిప్రాయాలు వెలిబుచ్చారు. ఇద్దరి పుస్తకాలూ చదివితే ఆ వివాదం బాగా అర్థమవుతుంది. కాని ఒకే రకం పుస్తకాలు ఎన్ని చదివినా అవి ఒకే ప్రశ్నకు భిన్నమైన జవాబులిస్తాయి. వేరే రకం పుస్తకం వేరే ప్రశ్న తెస్తుంది. సుందరయ్య గారు మూడువేల గ్రామాలలో గ్రామరాజ్యాలు ఏర్పడ్డాయనీ, పది లక్షల ఎకరాల భూమి పంపిణీ అయిందనీ, నాలుగువేలమంది ప్రాణాలర్పించారనీ లెక్క చెప్పారు. స్త్రీల త్యాగాల గురించి ఒక ప్రత్యేక అధ్యాయం కూడా రాశారు. ఆయన వారిని మరచిపోయారనడం అన్యాయం. అయినా ఆ అధ్యాయంలో స్త్రీలు వీరత్వానికి ఉదాహరణలుగా కనిపిస్తారు. చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం మొదలైనవారు స్వయంగా మాట్లాడిన పుస్తకంలో వారు ఉదాహరణలు కారు, అడిగేవారు. అడవిలో దళంతో తిరుగుతూ కన్నబిడ్డను వదులుకున్న తల్లి ఉన్నదక్కడ. 1951లో పోరాటం విరమించాక ఇళ్లకు పొమ్మంటే, ఏ ఇంటికి పోవాలి అన్న బాధ ఉన్నది. పోరాటాన్ని 1948లో ఆపాలా, 1951లో ఆపాలా అన్న వివాదంలో ఈ ప్రశ్నకు చోటే లేదు. అది లేదని మనకు తెలిసేది రెండు రకాల పుస్తకాలూ ఒకేసారి తెరిచి ఉన్నప్పుడే.

ఇక్కడ మనవాళ్లలో కొందరు కనుబొమలు ముడుస్తారని తెలుసు. సిద్ధాంతాన్నీ ఉద్యమచరిత్రనూ నవలతో, నోటిమాటతో సమానంగా నిలబెట్టడమేమిటని వారి అభ్యంతరం. వారి పద్ధతిలో సిద్ధాంతగ్రంథం న్యాయాధిపతి, నవల ముద్దాయి. నవలలోని రైతు సిద్ధాంతం చెప్పినట్టు నడిస్తే వాస్తవికత, నడవకపోతే వక్రీకరణ. ఇట్లాంటి విమర్శ మన పత్రికల్లో చాలా వచ్చింది. దీనివల్ల మంచి నవలలకు పెద్ద నష్టమేమీ జరగలేదు, అవి బతికే ఉన్నాయి. నష్టపడింది సిద్ధాంతమే. ఎవరూ అడ్డుప్రశ్న వెయ్యని సాక్షికి మాట పదును పోతుంది. సిద్ధాంతం కూడా బోనెక్కి జవాబు చెప్పుకోవాలి. దానికి ఆ సత్తా ఉన్నదని నమ్మేవాణ్ణి గనకనే అంటున్నాను. నవల పక్కన పెడితే కూలిపోయే సిద్ధాంతాన్ని అధ్యయన తరగతిలో ఎంతకాలం కాపాడగలం?

అట్లాగని ఏ పుస్తకాన్నయినా ఎట్లాగైనా చదవవచ్చునని నేననడం లేదు. కవితను ఒక్క కూర్చోడంలో, మొదటినుంచి చివరిదాకా, వీలైతే పైకి చదవాలి. మధ్యలో ఆపితే అది విరిగిపోతుంది. 'పెట్టుబడి'లో సరుకును గురించిన మొదటి అధ్యాయం లాంటివి కొన్ని ఉన్నాయి. అవి తమ పక్కన ఎవర్నీ కూర్చోనివ్వవు. రెండు నవలలు ఒకేసారి చదివితే ఈ ఇంటి మనుషులు ఆ ఇంట్లోకి పోతారు. కాబట్టి సంఖ్య ముఖ్యం కాదు, రకం ముఖ్యం. మూడు రకాల పుస్తకాలు మూడు చాలు. ఒకే రకానివి పది పెట్టుకున్నా ప్రయోజనం లేదు. వాటిలో ఒకటి మూలంగా ఉండాలి, మిగతావి దాన్ని నిలదీయడానికి ఉండాలి. ప్రశ్నను కాగితం మీద రాసి పెట్టుకోవాలి. ఒక పుస్తకం ఇంకో పుస్తకానికి అడ్డువచ్చిన ప్రతిచోటా పేజీ సంఖ్యతో సహా నోటుపుస్తకంలో ఎక్కించాలి. మార్క్స్ లండన్‌లో 1850 నుంచి 1853 దాకా చదివినవాటి నుంచి ఎత్తి రాసుకున్న నోటుపుస్తకాలే 24. చదువుతూ రాసుకోనివాడి చేతిలో నాలుగు పుస్తకాలున్నా నలభై ఉన్నా ఒకటే.

చివరికి మిగిలేది డబ్బు ప్రశ్న. దీన్ని దాటవేసే హక్కు మన పత్రికకు లేదు. ఒక్క పుస్తకం కొనడానికే వెనకాడే విద్యార్థికి నాలుగు పుస్తకాలు ఒకేసారి చదవమని చెప్పడం అన్నం లేనివాడికి పంచభక్ష్యాలు వర్ణించడం కాదా? అయితే ఈ ఇబ్బందిని మన ముందుతరాలవారు ఎరుగుదురు. దారి కూడా చూపారు. 1906లో హైదరాబాదులో పుట్టిన విజ్ఞానచంద్రికా మండలి ఒక్క రకం పుస్తకాలు అచ్చువెయ్యలేదు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి అబ్రహాం లింకను చరిత్రతో మొదలుపెట్టి, చిలుకూరి వీరభద్రరావు గారి ఆంధ్రుల చరిత్రనూ, శాస్త్రగ్రంథాల్నీ, నవలల్నీ అదే మాలలో గుచ్చింది. కొమర్రాజు లక్ష్మణరావు గారి దృష్టిలో తెలుగు పాఠకుడు గదులు కట్టుకున్నవాడు కాడు. చరిత్రా విజ్ఞానమూ కథా కలిసి ఒక మనిషిని చేస్తాయని ఆయన నమ్మారు. 'ప్రజల మనిషి' రాసిన ఆళ్వారుస్వామి సంగతి చూడండి. ఇళ్లల్లోనూ హోటల్లోనూ పనిచేసి బతికిన ఆ మనిషి 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాల సంచీ భుజాన వేసుకుని పాఠకుల దగ్గరికి నడిచిపోయాడు. పుస్తకాలు లేనిచోట పాఠకులుండరని ఆయన అనుకోలేదు.

ఈనాడు విద్యార్థి మిత్రులు చెయ్యగల పని దీనికంటె తేలిక. గ్రంథాలయంలో మనిషికి ఒకటి రెండు పుస్తకాలే ఇస్తారు. ముగ్గురు కలిసి మూడు రకాల పుస్తకాలు తీసుకోండి. ఒకే ప్రశ్న పెట్టుకోండి. కౌలురైతు సమస్య కావచ్చు, వలస కూలీల బతుకు కావచ్చు, ఇంటిపనికి విలువ కట్టడం కావచ్చు. వారం వారం పుస్తకాలు మార్చుకోండి. వారానికొక సాయంత్రం కూర్చుని, మీ చేతిలోని పుస్తకం తరఫున కాక, పక్కవాడి చేతిలోని పుస్తకానికి ఎదురుగా మాట్లాడండి. అధ్యాపక మిత్రులు కూడా వచ్చి కూర్చోవచ్చు. అయితే న్యాయాధిపతులుగా కాదు, నాలుగో పుస్తకం తెచ్చినవారుగా.

ఒకే పుస్తకాన్ని నమ్ముకున్న సంప్రదాయాలు మన దేశంలో కావలసినన్ని ఉన్నాయి. వాటికి ఇంకోటి చేర్చడానికి అభ్యుదయ రచయితల సంఘం అవసరం లేదు. ప్రజల జీవితం ఒక రకం పుస్తకంలో ఇమిడేది కాదు. దాన్ని మార్చాలనుకునేవారు ముందు దాని సాక్షులందర్నీ ఒక్కచోటికి పిలవాలి. పిలిచి, అందరి మాటా ఒకేసారి వినగల ఓపిక తెచ్చుకోవాలి.